చల్లదనం వేరు, గాలి వేరు

మార్చి వచ్చిందంటే మా ఇంట్లో ఒక పని నాది. స్టూలెక్కి ఏసీ మూత పైకెత్తి, లోపలి రెండు జాలీలు లాగి, బాత్రూం గోడకు చేరవేసి, వెనకవైపు నుంచి నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే దుమ్ము కన్నాల్లోకి ఇంకా బిగుసుకుంటుంది. కిందటి వేసవి తాలూకు బూడిదరంగు పొర పాత కంబళి ముక్కలా ఊడి చేతికొస్తుంది. అందులో దుప్పట్ల నూగు, తలవెంట్రుకలు, ఎక్కడివో దూది పీచులు. దాన్ని చూసి మా ఆవిడ ఏటా ఒకటే మాట అంటుంది: "ఇదంతా మన ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపిందన్నమాట."

నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆ జాలీ మన కోసం పెట్టింది కాదు, యంత్రం కోసం పెట్టింది. దాని వెనకున్న రాగి గొట్టాల మీద, అల్యూమినియం రేకుల మీద దుమ్ము పేరుకోకుండా చూడటమే దాని ఉద్యోగం. ఊపిరితిత్తుల లోతుకు పోయే నుసి, పీఎం 2.5 అంటారే అది, వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ఆ జాలీ కన్నాల్లోంచి అది హాయిగా వెళ్లిపోతుంది. ఏసీ కొన్నవాళ్లం చల్లదనం కొన్నాం, మంచి గాలి కూడా దాంతోపాటే వచ్చిందనుకున్నాం. ఇంటి వేడి, ఇంటి గాలి అనే ఈ రెండు సంగతుల్నీ ఒకటిగా చూడటం దగ్గరే మన లెక్క తప్పుతోందని నా అభిప్రాయం.

అసలు ఏసీ పుట్టింది మనుషుల కోసం కాదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో గాలిలో తేమ పెరిగినప్పుడల్లా కాగితం ఉబ్బి రంగులు పక్కకు జరిగిపోతుంటే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు తేమను అదుపు చేసే ఏర్పాటు కనిపెట్టాడు. చల్లదనం దాని వెంట వచ్చింది. మనం టన్నుల్లో కొలిచే లెక్క ఇంకా పాతది: 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడి పీలుస్తుందో అదే ఒక టన్ను. అంటే గదిలోంచి వేడినీ తేమనీ లాగి బయట పారేయడం వరకే ఈ యంత్రం పని. మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని చుక్కంత కూడా లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది.

తలుపులు బిగించుకుని పడుకుంటే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. పన్నెండు అడుగుల చదరపు గది, పదడుగుల ఎత్తు: సుమారు 40,000 లీటర్ల గాలి. నిద్రలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లు గంటకు దాదాపు 24 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతారు. ఎక్కడా సందు లేకపోతే గంటకు 600 పీపీఎం చొప్పున పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 420. తలుపు కింది సందు, కిటికీ రెక్కల సందులు కాపాడుతున్నాయి కాబట్టి సరిపోయింది కానీ, బాగా బిగించిన పడకగదిలో తెల్లారేసరికి 2,000 దాటడం పెద్ద విశేషమేమీ కాదు. మ్యూనిక్‌లో మాక్స్ వాన్ పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే 1,000 దాటిన గదిని పాచిగాలి గది అన్నాడు. ఆ మోతాదులో ఆ వాయువు విషమేమీ కాదు. ఆ గదిలో ఒకరు వదిలిన ఊపిరి మరొకరు ఎంత పీలుస్తున్నారో చెప్పే గుర్తు అది. ఎవరికైనా జలుబో, అంతకంటే పెద్దదో ఉంటే అది కూడా ఆ వాటాలో వస్తుంది. ఏసీ గదిలో పడుకుని లేచాక తల దిమ్ముగా ఉంటే చాలామంది "ఏసీ పడటం లేదు" అంటారు. పడనిది ఏసీయో, మూసిన తలుపో ఒక రాత్రి కిటికీ రెక్క రెండు వేళ్ల మందం తెరిచి చూస్తే తెలిసిపోతుంది. కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది, నిజమే.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారాలు, పైన పెంకులు, ప్రతి కిటికీ నెత్తిన ఒక వెంటిలేటర్. వేడిగాలి పైకి పోవడానికి దారి, చల్లగాలి కింది నుంచి రావడానికి దారి. ఆ రోజుల్లో అది ఇల్లు కట్టే తాపీమేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల్ని కొలిచి 2007లో కొందరు పరిశోధకులు ప్రచురించిన వ్యాసం చదివినప్పుడు నాకు ఆ ఇల్లే గుర్తొచ్చింది. కిటికీలూ తలుపులూ తీసి ఉంచిన వార్డుల్లో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదుల్లో 12 సార్లు. 1950కి ముందు కట్టిన ఎత్తు కప్పుల వార్డుల్లో 40 సార్లు. క్షయ అంటుకునే ముప్పు కూడా ఆ పాత వార్డుల్లోనే అన్నిటికంటే తక్కువని వాళ్ల అంచనా.

అలాగని పాత ఇంటిని ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. అదే ఇంట్లో వంటగది ఉండేది. పైకప్పు దూలాలు మసితో నిగనిగలాడేవి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. పొగ ఆడదాని నుదుటి రాత అన్నట్టు ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కించలేదు. దాన్ని లెక్కకు తెచ్చిన మొదటివాళ్లలో కిర్క్ స్మిత్ ఒకరు. ఈ అమెరికా శాస్త్రవేత్త 1980ల మొదట్లో గుజరాత్ పల్లెలకు వచ్చి, వంట చేస్తున్న ఆడవాళ్ల ఒంటికి పరికరాలు తగిలించి వాళ్లు పీల్చే పొగను తూచాడు. తర్వాత మన దగ్గరే, నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 ఇళ్లను కల్పనా బాలకృష్ణన్ బృందం కొలిచింది. 2004లో అచ్చయిన ఆ లెక్కల్లో 24 గంటల సగటు నుసి గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 వరకు ఉంది. ఈ పొగ వంటింట్లోనే ఆగదు. వసారాలో మంచం మీదున్న ముసలాయనకూ, పలక పట్టుకున్న పిల్లాడికీ అందులో వాటా ఉంటుంది.

ప్రభుత్వాల వైపు నుంచి జరిగిన పెద్ద పని గ్యాస్ బండ ఇవ్వడమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం డ్వాక్రా మహిళల ఇళ్లకు గ్యాస్ తెచ్చింది. దేశమంతటికీ ఉజ్వల వచ్చింది 2016లో. అయినా పెరట్లో కట్టెల పొయ్యి ఉండనే ఉంది, స్నానాల నీళ్లకూ పశువుల కుడితికీ. బండ ఖాళీ అయిన నాడు వంట కూడా దాని మీదికే వస్తుంది. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన దేశంతో (తమిళనాడులో) సహా నాలుగు దేశాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన హేపిన్ పరిశోధనలో గ్యాస్ ఇచ్చిన ఇళ్లలో పొగ బాగా తగ్గింది. పుట్టిన బిడ్డల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదని 2022లో తేలింది. పొగ మంచిదని దానర్థం కాదు. ఇంటి గాలి వల్ల ఏటా 32 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా అలాగే ఉంది. పొయ్యి మార్చినంత మాత్రాన అన్నీ మారిపోతాయని చెప్పేవాళ్ల మాట మాత్రం కాస్త ఆచితూచి వినాలి.

గ్యాస్ వచ్చాక పొగ పోయిందా? పోపు పోలేదు. కాగిన నూనెలో ఎండుమిరపకాయ వేయగానే హాల్లో కూర్చున్నవాళ్లంతా దగ్గుతారు, వీధిలో పోయేవాడికి మన ఇంటి కూర తెలుస్తుంది. నూనె కాగి పొగలేచిన ప్రతిసారీ పీఎం 2.5 రేగుతుంది, మంట ఏదైనా సరే. టెక్సస్ విశ్వవిద్యాలయంలో 2018లో ఒక ప్రయోగశాల ఇంట్లో థాంక్స్‌గివింగ్ విందు మొత్తం వండి కొలిస్తే నుసి 200 మైక్రోగ్రాములు దాటింది. రోజు మొత్తం మీద సగటున 15కు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 60కి మించకూడదని మన దేశం గీసుకున్న గీతలు. వాళ్ల పండగ వంటకే అంతుంటే సంక్రాంతికి అరిసెలు వండే మన మూకుడు సంగతి వేరే చెప్పాలా!

దీనికి మందు పొగను పుట్టినచోటే పట్టి బయటికి పంపడం. ఈ మధ్య ఫ్లాట్లలో గొట్టం లేని చిమ్నీలు అమ్ముతున్నారు. అవి పొగను లాగి, బొగ్గు ఫిల్టర్ గుండా పోనిచ్చి, మళ్లీ మన మొహాన్నే వదులుతాయి. వాసన కొంత తగ్గుతుంది, మిగతాది ఇంట్లోనే ఉంటుంది. వేల రూపాయల ఆ వస్తువు కంటే గోడకు కన్నం కొట్టి పెట్టిన చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ నయం. స్టవ్ వెలిగించక ముందే దాన్ని వేయాలి, దించాక పది నిమిషాలు ఉంచాలి. రెక్కల మీద జిడ్డు పేరుకుంటే సగం గాలి కూడా లాగదు. నెలకోసారి వేడినీళ్లూ సబ్బూ పెట్టి తోమడమంటే ఎవరికీ ఇష్టముండదు, మా ఇంట్లో కూడా.

ఇక దోమలు. దోమలొస్తాయని కిటికీ మూస్తాం, మూసిన గదిలో కాయిల్ వెలిగిస్తాం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని 2003లో అచ్చయిన పరిశోధన చెప్పింది. సిగరెట్ తాగే మామయ్యను వరండాలోకి తరిమే ఇంట్లోనే మంచం కింద కాయిల్ రాత్రంతా రాజుకుంటూ ఉంటుంది. అగరొత్తులు, సాంబ్రాణి కూడా నిప్పూ పొగే. దేవుడి గదికి కిటికీ ఉంటే సగం సమస్య తీరుతుంది. కిటికీకి జాలీ కొట్టిస్తే కాయిల్‌తోనూ పని ఉండదు.

మళ్లీ వేడి దగ్గరికి వద్దాం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఎవరి యంత్రం ఏదన్నది వాళ్ల ఊరిని బట్టి తేలాలి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే, తడిసిన ప్యాడ్ల గుండా వచ్చే గాలిని సిద్ధాంతం ప్రకారం 24 డిగ్రీల దాకా దించవచ్చు. మంచి కూలర్ 27, 28కి తెస్తుంది. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లిన పాతవాళ్లు చేసిందీ ఇదే. బెజవాడలో, విశాఖలో ఉక్కపోత రోజున 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే ఎంత నీరు పోసినా 30 కిందికి రాదు, పైగా ఒళ్లంతా జిడ్డు. అక్కడ కూలర్ కొనడం డబ్బు దండగ. హైదరాబాద్‌లో ఎండాకాలం రెండున్నర నెలల కోసం ఏసీ కొనేముందు కూలర్ సంగతి ఒకసారి ఆలోచించడం మేలు: ఏసీ తాగే కరెంటులో ఎనిమిదో వంతుతో నడుస్తుంది, పైగా బయటి గాలిని లోపలికి తెస్తుంది. కాకపోతే దానికెదురుగా ఒక కిటికీ తీసి ఉంచాలి. మూసిన గదిలో కూలర్ పెట్టి "చెమ్మ పడుతోంది, పనిచేయట్లేదు" అనేవాళ్లను నేను పదిమందినైనా చూసుంటాను.

కూలర్‌లో ఇంకో గొడవ ఉంది, తొట్టె. డెంగీ మోసే ఏడిస్ దోమకు నిలవ నీళ్లంటే ప్రాణం. గుడ్డు పెద్ద దోమ కావడానికి ఎనిమిది నుంచి పది రోజులు చాలు, అందుకే వారానికోసారి నీళ్లు ఒంపేయమంటారు. ఒంపితే సరిపోదు. ఆ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే కళ్లు తెరుస్తాయి. పీచుతో తొట్టె గోడలు నీటి గీత వెంట గరగర రుద్దాలి. వేసవి అయ్యాక కూలర్‌ను మేడ మీద అలాగే వదిలేస్తే వానాకాలం మొదటి జల్లుకే దోమల తొట్టి తయారు.

ఏసీ సర్వీసు అనేది మన ఊళ్లలో ఒక ప్రత్యేక నాటకం. మూడేళ్ల కిందట మాది చల్లబడటం మానేసింది. పైపు మీద మంచు కట్టింది. వచ్చిన మెకానిక్ దాన్ని ఒకసారి చూసి, "గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి" అన్నాడు. "అయిపోవడానికది వంటగ్యాసా బాబూ?" అంటే నవ్వాడు. ఏసీలో ఉండే వాయువు ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో ఆవిరవుతూ, ద్రవమవుతూ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, ఆ కన్నం వెతకకుండా నింపితే వచ్చే ఏడు మళ్లీ అదే ఫోను, అదే బిల్లు. పైగా మంచు కట్టడానికి గ్యాస్ తగ్గడమొక్కటే కారణం కాదు. జాలీ పూడుకుపోయి గాలి సరిగా తగలకపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది. మాది ఆ రెండో రకం. జాలీలు కడిగి, కాయిల్‌కు నీళ్లు కొట్టించాక దారికొచ్చింది. నిజంగా కారుతుంటే మెకానిక్ నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, కన్నం పట్టి, వెల్డింగ్ చేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి లాగేసి, తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. తక్కెడ తీయని మెకానిక్‌ను నమ్మొద్దు. తప్పంతా వాళ్లదేనని కూడా అనను. మేడ అంచున తాడు కూడా లేకుండా వేలాడే కుర్రాడికి ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కేంద్రం 2019లో తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ ఇస్తామంది. అలాంటి సర్టిఫికెట్ చూపించిన మనిషి మా గుమ్మం దాకా ఇంకా రాలేదు.

ఆ వాయువు గాల్లోకి పోతే పోయేది మన డబ్బొక్కటే కాదు. ఆర్-410ఏ అనే రకం ఒక కిలో కారితే రెండు వేల కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత వేడి. కొత్త ఏసీల్లో ఉండే ఆర్-32 అయితే 675. వీటిని తగ్గిస్తామని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి, మనం 2021లో దానికి ఆమోదముద్ర వేశాం. ఆర్-32కు కాస్త మండే గుణం కూడా ఉంది, అందుకని బీడీ నోట్లో పెట్టుకుని గ్యాస్ ఎక్కించేవాళ్లను దూరం పెట్టాలి.

మిగతా పోషణలో బ్రహ్మవిద్య ఏమీ లేదు, నీళ్లూ మురికీ ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకోవడమే. వేసవిలో జాలీ పదిహేను రోజులకోసారి కడగాలి. గాలి వచ్చే సందులోంచి టార్చి వేసి చూస్తే లోపల దొర్లే చక్రం మీద నల్లటి బూజు కనపడవచ్చు. ఏసీ వేయగానే తడిగుడ్డ వాసన వచ్చేది అక్కణ్నుంచే. దానికి అత్తరు స్ప్రేలు పనిచేయవు, చక్రం ఊడదీసి కడిగించాల్సిందే. కోస్తాలో తేమ ఎక్కువ కాబట్టి డ్రెయిన్ పైపులో నాచు పట్టి నీళ్లు గోడ మీదికి కారతాయి. పడుకునే ముందు ఆపేసేవాళ్లు చివరి పదిహేను నిమిషాలు ఉత్త ఫ్యాన్ మీద నడిపితే లోపల ఆరుతుంది.

ఎన్ని డిగ్రీలు పెట్టాలన్నది ఇంటింటా జరిగే రామరావణ యుద్ధం. స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలని 2020 జనవరి నుంచి నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది భ్రమ, ఎక్కువసేపు నడుస్తుందంతే. భారతీయులు పాశ్చాత్య ప్రమాణాల కంటే ఎక్కువ వేడిలోనే హాయిగా ఉంటారని అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో దేశమంతా ఆఫీసుల్లో జరిగిన అధ్యయనం తేల్చింది. ఫ్యాన్ వేసుకుని 27 దగ్గర పడుకుంటే దుప్పటి అక్కర్లేదు, బిల్లు చూసి ఉలికిపడక్కర్లేదు.

పైఅంతస్తులో ఉండేవాళ్లకు ఇదంతా సగం ఓదార్పే. స్లాబ్ పగలంతా మింగిన వేడిని రాత్రి మన మంచం మీద కక్కుతుంది. ఏసీ చేసే పనిలో పెద్ద భాగం ఆ వేడిని ఎత్తిపోయడమే. డాబా మీద సున్నం కొట్టడం మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నదే. దాన్నే తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానంగా ప్రకటించింది, దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి అంది, 600 గజాల లోపు ఇళ్లకు వాళ్ల ఇష్టానికి వదిలేసింది. వేడిలో ఎక్కువగా మగ్గేది ఆ చిన్న ఇళ్లే, రేకుల ఇళ్లు మరీను. సున్నం ఒక వానాకాలానికే పోతుంది, మరుసటి ఏడు మళ్లీ కొట్టాలి. అయినా నా చేతిలో ఐదు వేలుంటే ముందు డాబాకే పెడతాను.

చలి మనకు చుట్టం లాంటిది, నాలుగు రోజులుండి పోతుంది. కానీ ఆ నాలుగు రోజుల్లో ప్రాణాలు తీసే శక్తి దానికుంది. లంబసింగిలో, ఆదిలాబాద్ ఏజెన్సీలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా నెత్తురును పట్టుకుంటుంది, మనిషి నిద్రలోనే పోతాడు. పట్నంలో దీని అన్న గ్యాస్ గీజర్. వెంటిలేటర్ లేని బాత్రూంలో అది ఉండకూడదు, బయట బిగించి వేడినీళ్లు మాత్రం లోపలికి తేవాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మన పిల్లల ఇళ్లలో ఫర్నేస్ ఉంటుంది, మోనాక్సైడ్ అలారం ఉంటుంది. అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు అది కూస్తే బ్యాటరీ పీకేయకుండా ముందు బయటికి నడవాలి. అక్కడ ఇంటి గాలంతా ఒక్క ఫిల్టర్ గుండా తిరుగుతుంది కాబట్టి, మెర్వ్ 13 రకం పెట్టి మూడు నెలలకోసారి మారిస్తే నుసి నిజంగానే తగ్గుతుంది. మన స్ప్లిట్ ఏసీకి లేని సుగుణం అది.

ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా అని అడుగుతుంటారు. హెపా ఫిల్టర్ ఉన్నదైతే 0.3 మైక్రాన్ల నుసిని 99.97 శాతం పడుతుంది, గది కొలతకు తగ్గది కొంటే ఉబ్బసం ఉన్న పిల్లలకు మేలే. అయాన్లు వదులుతామనే రకం జోలికి పోవద్దు, వాటిలో కొన్ని ఓజోన్ పుట్టిస్తాయి. ఏ ప్యూరిఫయరూ బొగ్గుపులుసు వాయువును తగ్గించదు. కుండీ మొక్కల ప్రచారం 1989 నాటి నాసా ప్రయోగం నుంచి పుట్టింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెలో చేసింది. మామూలు ఇంట్లో తెరిచిన కిటికీకి సాటిరావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తర్వాత లెక్క కట్టారు. మొక్కలు పెంచుకోండి, కళ్లకు బాగుంటాయి. కొత్త ఫ్లాట్‌లో ప్లైవుడ్ అలమరల నుంచి వచ్చే ఘాటు వాసన ఫార్మాల్డిహైడ్ లాంటి వాటిది. గృహప్రవేశానికి ముందు కొన్ని వారాలు కిటికీలన్నీ బార్లా తీసి ఉంచడం తప్ప దానికి చవకైన మందు లేదు.

అన్నీ తిరిగి తిరిగి కిటికీ దగ్గరికే వస్తున్నాయి. బయటి గాలి మాత్రం బంగారమా? మా పడకగది కిటికీకి ఆరడుగుల దూరంలో ఎదురింటి ఏసీ పెట్టె ఉంది. వాళ్ల గదిలోని వేడంతా రాత్రి మా మీదికి ఊదుతుంది. మాది ఇంకెవరి మీదికి ఊదుతుందో పోయి చూడలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు వాళ్లది ఆగుతుంది, అప్పుడు మా ఆవిడ లేచి రెండు రెక్కలూ తీస్తుంది. ఆరున్నరకు వీధి ఊడ్చేవాళ్లు దుమ్ము లేపుతారు, ఆ మూల ఎవరో చెత్తకు నిప్పు పెడతారు, మళ్లీ మూసేస్తాం. రోజుకు ఆ రెండు గంటలు.